ఇస్త్రీ నలగని వీరుడు

ఆ లాండ్రీలో వెనక గోడ వారగా ఒక ఇనుప కడ్డీ ఉంది. ఇంటిల్లిపాదీ దాన్ని దిక్కులేని కడ్డీ అంటారు. బట్టలిచ్చి మళ్లీ మొహం చూపించనివాళ్ల సరుకంతా దానికే వేలాడుతుంది. ఒక పెళ్లి కోటు, జత తప్పిన కర్టెను, ఎవరో భారీ ఆసామి ప్యాంటు, మెడ దగ్గర బొత్తాం ఊడిన నల్ల గౌను. ఏడాది చూసి, అప్పటికీ ఎవరూ రాకపోతే ఎవరికైనా ఇచ్చేయడం ఆ కొట్టు పద్ధతి. ఏడాది నిండేదాకా మాత్రం అవి పరాయి సొత్తే.

కస్టమరు బట్ట మన ఒంటికి తగలకూడదన్నది నాన్న పెట్టిన మొదటి రూలు. రెండోది ఇంకా గట్టిది. పాడైన బట్టని మడతలో దాచకూడదు. కాలినా, చిరిగినా, రంగు దిగినా, పాడుచేసినవాడే దాన్ని కౌంటరు మీద పరిచి, కస్టమరు కళ్లెదుట మచ్చ మీద వేలు పెట్టి చూపించాలి. "మచ్చని లోపలికి మడిచావో, రేపు లోకం నిన్ను మడిచి అరలో పెడుతుంది" అనేవాడు నాన్న.

ఇప్పుడు అనడం లేదు. నాలుక తిరగడం లేదు.

నాన్న పడిపోయింది ఓ మామూలు మధ్యాహ్నం. బయట ఎండ, లోపల ఆవిరి, రేడియోలో ఎవరిదో పాట. నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. పదిహేడేళ్ల పెద్దకొడుకు దాన్ని అందుకోవడానికి హ్యాంగరు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నాన్న చెయ్యి ఆగింది. మూతి ఒక పక్కకి జారింది. ఆ తర్వాత మనిషే జారాడు, కొక్కేలు ఊడిన కర్టెనులాగా, నెమ్మదిగా. ఇస్త్రీపెట్టె చొక్కా మీద బోర్లా ఉండిపోయింది. అబ్బాయి హ్యాంగరుతో అలాగే కొయ్యబారిపోయాడు. అరవలేదు, వంగలేదు. చొక్కా పసుపు తిరిగింది, గోధుమరంగు తిరిగింది, పొగ లేచింది. ఆ కమురు వాసనకి పక్క కొట్టు టైలరు టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చాడు. ఆస్పత్రి, చక్రాల కుర్చీ, మందులు, అన్నీ అక్కడినుంచి.

"ఆ కమురు వాసనే మా బావని బతికించింది" అని టైలరు పదిమందికీ చెప్పాడు. ఆయనకి వీళ్లతో చుట్టరికమేమీ లేదు. ఇన్నేళ్లు గోడకి గోడ ఆనుకుని బతికినందుకు వరసలు కలుపుకున్నాడు. మనసులో ఏదీ పెట్టుకోకుండానే చెప్పాడు కూడా. కానీ విన్నవాళ్లు ఊరుకోరుగా.

"మరి అబ్బాయి అక్కడే ఉన్నాడన్నారు?"

"ఉన్నాడు. స్టాచ్యూలా ఉన్నాడు పాపం."

పేరు పెట్టడానికి వీధికి ముహూర్తం అక్కర్లేదు. ఆ సాయంత్రానికే వాడు స్టాచ్యూ అయిపోయాడు.

డాక్టరు అయితే, ఆ కాస్త ఆలస్యం వల్ల పెద్ద తేడా ఏమీ రాలేదన్నాడు. ఇంట్లో ఒక్కళ్లూ తిట్టలేదు. అదివరకు చొక్కా కాలరు మురికి పోకపోతేనే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనుషులు, ఒక్కసారిగా మెత్తబడిపోయారు. అమ్మ వాడికి అన్నం ఒక గరిటె ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. వాడు తిన్నాడు. రుచి తెలియలేదు. చాలాసేపు ఒకే భంగిమలో కూర్చున్నప్పుడు కాలికి తిమ్మిరెక్కి, ఆ కాలు మనది కాదేమో అనిపిస్తుందే, అలా వాడికి ఒళ్లంతా, రోజంతా ఉండేది. గిల్లితే తెలిసేది, గిల్లారని. అంతే తెలిసేది.

ఒక్క సంగతి మాత్రం ఆ తిమ్మిరిలోనూ చీలలా గుచ్చుకుని ఉంది. నాన్న తిరిగి కొట్టులోకి వచ్చి, ముందు గదిలో చేతుల కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాక, అమ్మ తండ్రీకొడుకులిద్దరినే వదిలి ఎటూ వెళ్లేది కాదు. కూరగాయలు తేవాలన్నా, వాడి చెల్లెలు చిన్నదాని బడికి వెళ్లాలన్నా, గుమ్మంలోంచి కేకేసేది.

"తమ్ముడూ, కాస్త ఇటొచ్చి కూర్చోవూ, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా!"

టైలరు చేతిలో ఉన్న పనిని భుజాన వేసుకుని వచ్చి స్టూలు లాక్కునేవాడు. నాన్నకి ఈ పక్క టైలరు, ఆ పక్క అబ్బాయి. నాన్న కంటే బెత్తెడు పొడుగున్న అబ్బాయి. అయినా కాపలాకి ఇంకో మనిషి కావాలి. ఎందుకని వాడు అడగలేదు. ఎవరూ చెప్పలేదు. అమ్మ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, టైలరుని కేకేయకుండా ఆ గడప దాటాలి. వాడికి లోకంలో కావలసింది అదొక్కటే. అది ఎలా సంపాదించుకోవాలో తెలియదు.

జాకెట్ సంగతి వానవల్ల మొదలైంది. ఎదురు మేడలో మూడో అంతస్తుకి ఉతికిన దుప్పట్లు ఇచ్చి రావాలి. గొడుగు చిన్నది బడికి పట్టుకుపోయింది. దిక్కులేని కడ్డీ మీద ఒక మందపాటి జాకెట్ ఉంది, ముదురు నీలం, చేతులకీ నడుముకీ వెండి పట్టీలు. ఫైర్ స్టేషను వాళ్లది. నాన్న పడిపోకముందు ఎవరో ఇచ్చి, మరి రాలేదు. జేబులకి నాలుగు నల్ల బొత్తాల మధ్య ఒకటి ఎర్రది. వాడు దాన్ని తొడుక్కుని దుప్పట్లు గుండెకి హత్తుకుని రోడ్డు దాటాడు.

మూడో అంతస్తులో తలుపు వాడు తట్టకముందే తెరుచుకుంది. కొత్తగా పెళ్లయిన జంట ఉంటారక్కడ. ఆ అమ్మాయి వాణ్ని చూసి కాదు, జాకెట్ని చూసి చేతులు జోడించింది.

"అమ్మయ్య, ఫైరు వాళ్లే కదా? రండి రండి, దేవుడిలా వచ్చారు!"

దుప్పట్లు చూపించి, కాదండీ లాండ్రీ, అని చెప్పాల్సింది. వాడి నోట్లోంచి "ఊఁ" అని వచ్చింది.

"మా ఆయన బాత్రూంలో ఇరుక్కున్నారు. గొళ్లెం పట్టేసింది" అని చెప్పి ఆ అమ్మాయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

లోపలినుంచి గొంతు. "నవ్వుతున్నావు కదూ నువ్వు?"

"లేదండీ. ఏడుస్తున్నా."

"ఏడ్చేవాళ్లు అలా గురకపెడతారా?"

"బెంగతో అండీ!"

"సబ్బు కళ్లలో పడి నేను చస్తుంటే, దీనికి బెంగట!"

వాడు దుప్పట్లకి తగిలించిన తీగ హ్యాంగరు విప్పి తిన్నగా సాగదీశాడు. తలుపుకీ చట్రానికీ మధ్య సందులోంచి దూర్చి, గొళ్లెం నాలుక వెనక్కి నెట్టాడు. బట్టలపెట్టెల తాళాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం కొట్టులో వారానికోసారి చేసే పనే. తలుపు తెరుచుకుంది. పెళ్లికొడుకు తువ్వాలుతో, నెత్తిన ఆరిన నురగతో, కిరీటం పెట్టుకున్న రాజులా బయటికొచ్చాడు. ఆ అమ్మాయి ఇక ఆపుకోలేక గోడకి ఆనుకుని జారి నేల మీద కూర్చుండిపోయింది. చూసి చూసి ఆయనకీ నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి ఒక నారింజ పండు ఒలిచి, సగం వాడి చేతిలో పెట్టారు.

"హీరో బాబూ నువ్వు!" అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

వాడు మెట్ల మీద ఆగి తొనలు తిన్నాడు. గుండెలో ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాడు. చీమ కుట్టినట్టైనా లేదు. కానీ ఆ ఇద్దరూ తనని చూసిన చూపు గుర్తుంది. స్టాచ్యూని ఎవరూ అలా చూడరు. లోపల ఏమీ లేకపోయినా పరవాలేదు, బయట హీరోలా ఉంటే సరిపోతుందేమో, నాలుగు రోజులు అలా ఉంటే అమ్మకీ కనిపిస్తుందేమో అనుకున్నాడు. గాలి లేని సైకిలు చక్రాన్ని కూడా తోసుకుంటూ వెళ్లొచ్చుగా.

మర్నాటినుంచి వాడు కొత్త మనిషిని తయారుచేయడం మొదలుపెట్టాడు, లాండ్రీలో చొక్కాని తయారుచేసినట్టే, పద్ధతి ప్రకారం. జుట్టు వెనక్కి దువ్వాడు. నేల చూపు మానేశాడు. గొంతు కాస్త కిందికి దించాడు. ఫైరు వాళ్ల కింద వాలంటీరుగా చేరానని వీధిలో ఒకరికి చెప్పాడు, వీధి మిగతావాళ్లకి చెప్పుకుంది. శిక్షణ బాధ్యత చిన్నది తీసుకుంది. దానికి తొమ్మిదేళ్లు, జాలి తక్కువ.

"అన్నయ్యా, హీరోలు ముక్కు గోక్కోరు."

"దురద పెడితే?"

"హీరోలకి దురద పెట్టదు."

ఆ లెక్కన వాడు పుట్టు హీరో. ఈమధ్య వాడికి ఏదీ పెట్టడం లేదు, దురదతో సహా.

అసలు శిక్షణ మేడమీద జరిగేది. పిల్లలాటలో 'స్టాచ్యూ' అంటే కదలకూడదు కదా. వీళ్లు ఆటని తిరగేశారు. చిన్నది ఎప్పుడు, ఎక్కడ, ఏ మూలనుంచి "స్టాచ్యూ!" అని అరిచినా, అన్నయ్య వెంటనే కదలాలి. గెంతాలో, పరిగెత్తాలో, ఏదో ఒకటి. అన్నం తింటుంటే అరిచేది. పళ్లు తోముకుంటుంటే అరిచేది. వాడు నోట్లో బ్రష్షుతో గదంతా చుట్టి వచ్చేవాడు.

"బాగా చేశా కదా?"

"చేశావులే. మొహంలో ఏమీ లేదు కానీ, కాళ్లు బానే ఉన్నాయి."

ఇక జాకెట్. దాన్ని వాడు రోజూ పొద్దున్నే, నాన్న లేవకముందు, వెనక గదిలో ఇస్త్రీ చేసేవాడు. గంజి చిలకరించి, ఆవిరి పట్టి, చేతులకి కత్తితో గీసినట్టు మడత తీసేవాడు. కాలరు నిలబెట్టేవాడు. వెండి పట్టీల మీద పెట్టెని ఇంకో రెండుసార్లు అదిమి నడిపేవాడు, మెరిసేదాన్ని ఇంకాస్త మెరిపిద్దామని. లోకంలో ఇంకెవరికీ రాని ఆలోచన అది. లాండ్రీవాడి కొడుక్కే వస్తుంది.

టైలరు గుమ్మంలో సూదికి దారం ఎక్కిస్తూ చూసేవాడు.

"అల్లుడూ, ఆ మడత తగిలి ఎవరికైనా చెయ్యి తెగిందనుకో, మళ్లీ నిన్నే పిలవాలి."

"పిలువు మావయ్యా, వస్తా."

"అబ్బో, గొంతు కూడా ఇస్త్రీ చేయించావే!"

అమ్మ మాత్రం ఒకరోజు బట్టలు మడతపెడుతూ మెల్లగా అడిగింది. "ఎవరిదిరా అది?"

"కస్టమరుది."

"రూలు తెలుసుగా."

"వానగా ఉందని..."

"వాన వెలిసి ఎన్నాళ్లయిందిరా నాన్నా" అంది. అంతకు మించి అనలేదు. వెనకటి అమ్మయితే హ్యాంగరు పుచ్చుకునేది. కుర్చీలోంచి నాన్న ఆ జాకెట్ వైపు చాలాసేపు చూశాడు. కుడి చెయ్యి ఒడిలో ఇంకెవరిదో వస్తువులా పడి ఉంది. పెదవులు ఏదో అనబోయి ఊరుకున్నాయి.

వాడు డ్రైనేజీలో పడ్డ తాళాలు తీశాడు. బీరువా వెనక ఇరుక్కున్న పిల్లిని లాగాడు, అది గీరితే రక్తం వచ్చింది, చూసుకుని గుడ్డతో తుడుచుకున్నాడు. సగంలో ఆగిన షట్టరు ఎత్తాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు భుజం తట్టారు. ప్రతిసారీ వాడు కొట్టుకి తిరిగొచ్చేసరికి అమ్మ సంచీ చేతికి తీసుకుని, గుమ్మంలో నిలబడి, అదే కేక వేసేది. "తమ్ముడూ, కాస్త ఇటొచ్చి కూర్చోవూ!"

ఎదురు మేడ వాళ్లు నిప్పు ప్రమాదాల గురించి కింది పార్కింగులో సమావేశం పెట్టుకున్నారు. ఫైర్ స్టేషనునుంచి ఒకాయన వచ్చి చెబుతాడు. చేసి చూపించడానికి ఎవరు? మూడో అంతస్తు అమ్మాయి చెయ్యెత్తింది. "మన హీరో ఉన్నాడుగా!"

సాయంత్రం కుర్చీలు వేశారు. అమ్మ, చిన్నది, టైలరు ముందు వరసలోనే కూర్చున్నారు. నాన్నని కూడా చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. వాడు కత్తిలాంటి మడతలతో, వెనక్కి దువ్విన జుట్టుతో నిలబడ్డాడు. కొత్త పెళ్లికూతురు మొగుడి చెవిలో ఏదో చెప్పింది, ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు, బహుశా నురగ కిరీటం గురించి.

ఫైరాయన నడివయసు మనిషి. మెడ మీద పాత కాలిన మచ్చ, చేతిలో టార్చిలైటు. గొంతు బొంగురు. ముందుగా లైట్లన్నీ తీయించాడు. టార్చి తన జాకెట్ మీద వేసుకున్నాడు. పట్టీలు ఒక్కసారిగా తెల్లగా మండాయి. జనం "అబ్బ!" అన్నారు.

"ఇది సోకు కాదమ్మా. పొగలో మన చెయ్యి మనకే కనపడదు. ముందువాడు పడిపోతే వెనకవాడు టార్చి వేస్తాడు. ఈ పట్టీ వెలిగితే మనిషి దొరుకుతాడు. వెలగలేదో, దొరకడు. అంతే లెక్క."

మాట్లాడుతూ టార్చి ఊరికే అటూ ఇటూ తిప్పాడు. వెలుగు అబ్బాయి గుండెల మీదుగా, చేతుల మీదుగా జారి గోడ మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు. వాడు గమనించాడు. వాడి పట్టీలు వెలగలేదు. బూడిదరంగు గుడ్డలా ఊరుకున్నాయి.

లైట్లు వేశారు. ఇనుప పళ్లెంలో నూనె గుడ్డ పెట్టి నిప్పంటించారు. మంట మూరెడు లేచింది. "ఊఁ, రావయ్యా, ఆ మూత తీసుకుని పక్కనుంచి బోర్లించు" అన్నాడు ఫైరాయన.

మూత వాడి చేతిలో ఉంది. హ్యాంగరు ఉన్నట్టే ఉంది. గుడ్డ పసుపు తిరిగింది, గోధుమరంగు తిరిగింది. వాడు చూస్తున్నాడు. భయం కూడా లేదు. భయం వస్తే పారిపోయేవాడు కదా. ఏమీ రాలేదు.

ముందు వరసలో చిన్నది లేచింది. ఇన్నాళ్ల శిక్షణంతా కూడగట్టుకుని గొంతు చించుకుంది.

"స్టాచ్యూ!"

వాడు కదల్లేదు. "స్టాచ్యూ! అన్నయ్యా, స్టాచ్యూ!" అని అది ఇంకా అరుస్తూనే ఉంది. వెనక వరసల్లో ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. నవ్వు కుర్చీల మీదుగా పాకింది. ఫైరాయన వాడి చేతిలోంచి మూత తీసుకుని, మాట్లాడుతున్న మాట ఆపకుండానే మంట మీద బోర్లించేశాడు.

అంతా అయ్యాక, కుర్చీలు పేరుస్తుంటే ఆయన వాడి దగ్గరికొచ్చి జేబు పట్టుకుని చూశాడు.

"ఈ ఎర్ర బొత్తాం నేను కుట్టుకున్నదే. ఇంట్లో నల్లది దొరక్క. మీ లాండ్రీలో ఇచ్చానా? బదిలీ గొడవలో మర్చేపోయా."

అంతే. ఆ జాకెట్ వెనక ఏదో పెద్ద కథ ఉంటుందని వాడు ఇన్నాళ్లూ ఊహించుకున్నాడు. మర్చిపోయాడట.

"రేపు పొద్దున వచ్చి తీసుకుంటా. మా దగ్గర కొత్తగా ఒక కుర్రాడు చేరాడు, వాడికి జాకెట్ లేదు. ఎల్లుండినుంచి డ్యూటీ. బాగా ఉంచావు, పెళ్లికి వెళ్లేట్టుంది" అని వెళ్లిపోయాడు.

కొట్టుకొచ్చాక పట్టీలు వెలగలేదని వాడు చెబితే, టైలరు షట్టరు సగం దించి, టార్చి వేసి చూశాడు. తల పట్టుకున్నాడు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, పట్టీకి పెట్టావా వాతలు! ఎన్నాళ్లు కాల్చావురా దీన్ని?"

"రోజూ."

టైలరు కాసేపు ఆలోచించి తన కొట్టులోకెళ్లి ఒక రిబ్బను చుట్ట తెచ్చాడు. డాన్సు బట్టలకి కుట్టే వెండి రిబ్బను. తళతళలాడుతోంది. "ఇదిగో, దీన్ని పైన వేసి కుట్టేస్తా. పగలు చూస్తే బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. వేసుకునేవాడు టార్చి వేసి చూసుకుంటాడా ఏమిటి?"

"వెనకవాడు వేస్తాడు మావయ్యా."

టైలరు రిబ్బను చుట్టుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున ఫైరాయన వచ్చేసరికి అందరూ ఉన్నారు. అమ్మ కౌంటరు వెనక, నాన్న కుర్చీలో, టైలరు గుమ్మంలో ఒక కాలు లోపల ఒక కాలు బయట. అబ్బాయి లోపలినుంచి జాకెట్ తెచ్చాడు. మడిచి కాగితంలో చుట్టి కాదు. విప్పి తెచ్చాడు. కౌంటరు మీద పరిచాడు, చేతులు రెండు పక్కలకీ చాపి, పట్టీలు పైకి కనిపించేట్టు. నాన్న కుర్చీ కిర్రుమంది.

వాడు పట్టీ మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ పాడైంది. ఇక్కడ కూడా. చేతులకీ, నడుముకీ, అన్నీ. వెలగవు. నేనే ఇస్త్రీ చేశా. మీది అని తెలిసి వేసుకున్నా. రాత్రి టార్చి మీద పడ్డప్పుడు చూశా కానీ చెప్పలేదు." ఊపిరి తీసుకున్నాడు. "నేను వాలంటీరుని కూడా కాదు."

ఫైరాయన టార్చి తీశాడు. ఒక్కో పట్టీ మీదా వేశాడు. మెడ మీది మచ్చ ఎర్రబడింది.

"బుద్ధుందా నీకు?" అని అరిచాడు.

కొట్టు దద్దరిల్లింది. హ్యాంగర్లు కడ్డీ మీద కదిలాయేమో అనిపించింది. "గడ్డి తింటున్నావా? రేపు మావాడు ఇది వేసుకుని లోపలికి పోయి పడిపోతే, వాడి కోసం ఎక్కడ వెతకమంటావు? మీ ఇస్త్రీ మడత పట్టుకుని తడుముకోమంటావా? షోకులా ఇవి? వాలంటీరునని చెప్పుకోవడం, మెళ్లో మెడల్ వేసుకున్నట్టు ఊరేగడం! మొహం చూడు, మొహం!"

ఎవరూ అడ్డు రాలేదు. అబ్బాయి తలెత్తి నిలబడి వింటున్నాడు. చెవులు వేడెక్కాయి. నాన్న పడిపోయిన రోజునుంచి వాణ్ని ఒక మనిషి తిట్టడం ఇదే మొదలు. ఆ మాటలు ఒళ్లంతా చురుక్కు చురుక్కుమని తగులుతున్నాయి, తిమ్మిరి వదిలే కాలికి నేల తగిలినట్టు. బాగా లేదది. కానీ వాడికి తగులుతోంది.

అంతలో కుర్చీలోంచి ఇంకో గొంతు లేచింది. ముద్దముద్దగా, ఒక్కో మాటనీ బావిలోంచి చేదినట్టుగా.

"గా... డిదా. పట్టీల మీద... ఇస్త్రీ... ఎవడు చేస్తాడ్రా!"

నాన్న 'నీళ్లు', 'చాలు' అన్న మాటలు దాటి ఇంతవరకూ ఒక వాక్యం మాట్లాడలేదు. అమ్మ కౌంటరు పట్టుకుంది.

"ఏమన్నారూ?"

"గాడిద" అన్నాడు నాన్న, ఈసారి స్పష్టంగా. ఎడమ చేత్తో కొడుకు వైపు చూపించాడు, ఎవరినో అమ్మ పొరబడుతుందేమోనన్నట్టు. "లోపల... గుడ్డ చీటీ... ఉంటుంది. చదవాలి. ఎన్నిసార్లు... చెప్పా!"

అమ్మకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. కొంగుతో మొహమంతా తుడుచుకుంది. టైలరు గుమ్మంలోంచి, "బావా, ఇంకోటి తిట్టు, నా వంతు కూడా" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే ముక్కు చీదుకున్నాడు.

ఫైరాయన ఆవేశం కాస్త దిగింది. జాకెట్ కాలరు తిప్పి చూశాడు, ఎర్ర బొత్తాన్ని బొటనవేలితో రుద్దాడు.

"కుర్రాడికి ఇంకోటి తెప్పిస్తాలే. రెండు రోజులు ఆగుతాడు. దీన్ని స్టేషన్లో గోడకి తగిలిస్తా, ఇస్త్రీపెట్టె ముట్టుకునే ప్రతి వెధవకీ చూపించడానికి." బయటికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. చాప మీద పడున్న వెండి రిబ్బను చుట్ట కనిపించింది ఆయనకి. దాన్ని చూశాడు, టైలరుని చూశాడు, అబ్బాయిని చూశాడు. "ఇది కుట్టి ఇచ్చుంటే..." అని సగంలో ఆపి వెళ్లిపోయాడు.

కొట్టు మళ్లీ మామూలు పనిలో పడింది. ఆవిరి బుసకొట్టింది. అబ్బాయి కాలర్లు ఒక్కొక్కటే తిప్పి వేస్తూ చొక్కాలు మొదలుపెట్టాడు. చిన్నది బడికి పోతూ వాడి మొహంలోకి తొంగి చూసి, "జుట్టు ముందుకి పడింది, ఇప్పుడు బావున్నావు" అంది. నేల మీద ఎండముక్క పడి ఉంది. ఆ ఎండలో దూదిపింజలు తేలుతున్నాయి, ఎంత తీరిగ్గానో.

అమ్మ కూరగాయల సంచీ తీసుకుంది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. అవతల టైలరు అలవాటు చొప్పున కుట్టుపని భుజాన వేసుకుని సగం లేచాడు.

"నువ్వు నీ పని చూసుకో తమ్ముడూ" అంది అమ్మ. తర్వాత వెనక్కి తిరక్కుండానే, ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా, "ఒరేయ్, నాన్నని చూస్తుండు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

వాడు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. గుండె ఉప్పొంగుతుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాడు. అలాంటిదేమీ జరగలేదు. తెల్లచొక్కా వంతు వచ్చింది. పరిచాడు. వీపు భాగం మీద పెట్టె నడిపాడు.

వెనక కుర్చీలో నాన్న గొంతులో ఏదో గురగురమంది.

వాడు ఎప్పుడు కదిలాడో వాడికి తెలియదు. తెలిసేసరికి బల్లకి ఇవతల, నాన్న ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక చెయ్యి నాన్న భుజం వెనక, ఒక చెయ్యి గడ్డం కింద. దారిలో స్టూలు తన్నుకుని బొటనవేలి గోరు లేచింది.

"నాన్నా! నాన్నా, ఇటు చూడు!"

నాన్న వాణ్ని చూశాడు. చిత్రంగా చూశాడు. ఎడమ చెయ్యెత్తి వాడి చేతిని గడ్డం కిందినుంచి తోసేశాడు.

"దగ్గేరా" అన్నాడు. "ఒట్టి... దగ్గు."

అబ్బాయి అక్కడే కూలబడ్డాడు. కాలి వేలు సలపడం మొదలైంది. మొదట కొంచెం, తర్వాత భరించలేనంత. "అబ్బా" అన్నాడు. పట్టుకుని మళ్లీ "అబ్బా" అన్నాడు.

నాన్న చూపు వాణ్ని దాటి బల్ల మీదికి వెళ్లింది. వాడూ అటు తిరిగి చూశాడు. ఇస్త్రీపెట్టె మడమ మీద నిలబెట్టి ఉంది, తిన్నగా, ఆవిరి వదులుతూ. దాన్ని తను ఎప్పుడు నిలబెట్టాడో వాడికి గుర్తులేదు. పక్కన చొక్కా తెల్లగా ఉంది.